కట్ట బాట, నాకా సడక్

మా చెల్లెలు బొంబాయి పోతోందన్న కబురు గొంగళ్ళు అమ్ముకునే మనిషి నోట నాకు తెలిసింది. అతనిది మా పుట్టింటి ఊరే, మెదక్ దిక్కు. ఎల్లారెడ్డి అంగడికి పోతూ మా ఇంటి ముందు ఆగాడు.

"మీ చెల్లె, మీ మరిది మూటలు గట్టుకున్నరమ్మా. బొంబాయిల బట్టల మిల్లుల పని దొరికిందట. బేస్తారం రైలుకు పోతున్నరు. కామారెడ్డి టేషన్ల జరసేపు ఆగుతదట గద, అక్కను రమ్మని చెప్పు అన్నది."

అంత చెప్పి, చెంబెడు నీళ్ళు తాగి, గొంగళ్ళ మూట భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నేను చెంబు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

యుద్ధం నడుస్తున్న రోజులు. మిల్లులకు మనుషులు కావాలని ఊళ్ళకు ఊళ్ళు రైలెక్కుతున్నాయి. పోయినవాళ్ళు ఎప్పుడొస్తారో ఎవరూ చెప్పలేరు. మా అమ్మ పోయేనాటికి చెల్లెలికి ఇంకా నడక కుదరలేదు. దాన్ని చంకనేసుకుని తిరిగింది నేనే. దాని పెండ్లయిన తర్వాత మళ్ళీ కంటితో చూడలేదు. ఆ కబురు విన్నది మొదలు నాకు కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు. పొయ్యి మీద జొన్న గట్క మాడింది. బావి కాడ బొక్కెన వదిలేసి వచ్చాను.

నా పెనిమిటి ఎల్లారెడ్డిలోని తాసీలు కచేరీలో జవాను. శుక్రవారం సెలవుకు గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. ఇంట్లో ఉండేది నేనూ మా అత్తా. మామ పోయిన తర్వాత బండి పగ్గాలు ఆమే పట్టింది. ఆడది బండి తోలుడేందని మొదట నవ్వినవాళ్ళే, పోను పోను తమ వడ్లు, బెల్లం ఆమె బండిలో వేసి పంపేవారు. ఆమె మాట తక్కువ. సరే అంటే సరే, వద్దంటే వద్దు.

చెల్లెలి సంగతి చెప్పి, "నేను పోవాలె అత్తమ్మా" అన్నాను.

ఆమె ఎడ్లకు కుడితి పెడుతోంది. తలెత్తకుండానే, "పోదాం" అంది.

బేస్తారం, అంటే గురువారం, కోడి కూయగానే బయలుదేరాం. చెల్లెలి కోసం సకినాలు చేసి గుడ్డలో కట్టాను. ఊరు దాటి కొంత దూరం పోయాక బాట రెండుగా చీలుతుంది. కుడివైపుది సర్కారు సడక్. కంకర పరిచి, రోలరు గుంజి, బల్లలా చేశారు. కానీ దాని మీద నాకా ఉంది. అడ్డంగా కట్టె, పక్కన గుడిసె. బండి పోవాలంటే పైకం కట్టాలి. గుత్త పట్టినవాడి మనిషి పొద్దంతా అక్కడే కూర్చునేవాడు. ఎడమవైపుది పాత బాట. చెరువు కట్టల మీదుగా నీళ్ళ వెంబడే వంకర్లు తిరుగుతూ పోతుంది. అడిగేవాడు లేడు, అందుకే లోకమంతా దాని మీదే.

బండి చీలిక దగ్గరికి వస్తుంటే అత్త చేతిలోని పగ్గాలకేసి చూశాను. మా అత్త సడక్ మీద కాలు పెట్టదని నాకు తెలుసు. అది వేసింది మా కంది చేను మధ్యలోంచి. నాకా గుడిసె నిలబడిన చోటు ఒకప్పుడు పంట నూర్చుకున్న మా కల్లం. పోయిన భూమికి బదులు అడుగుతూ కచేరీ చుట్టూ తిరగడంతోనే మామ ఆఖరి ఏండ్లు గడిచిపోయాయి. అయినా ఆ ఒక్కరోజుకు ఆమె మనసు మారుతుందేమోనని ఆశపడ్డాను.

ఆమె పగ్గం ఎడమకు లాగింది.

"అత్తమ్మా, ఇయ్యల కామారెడ్డిల బెల్లం అంగడి. కట్ట మీద బండ్లు కిక్కిరిసి ఉంటయి. రైలు అందదేమో."

"అందుతది."

"ఒక్కసారికి సడక్ మీదికెళ్ళి పోదాం."

ఆమె వెనక్కి తిరిగి నా మొహం చూసింది. "నా కల్లం మీద నడిచినందుకు నేను పైకమియ్యాల్నా?" అంది.

మొదటి చెరువు దాకా బాగానే సాగింది. రెండో చెరువు కట్ట ఎక్కేసరికి ముందర బండ్ల వరస కనిపించింది. అన్నీ బెల్లం బండ్లే. గడ్డి పరిచి దాని మీద పేర్చిన ముద్దలు, వాటి చుట్టూ కందిరీగలు. కాసేపు కదిలాయి, తర్వాత ఆగాయి. మేం ఆగగానే మా వెనక ఇంకా బండ్లు వచ్చి చేరాయి. కట్ట మీద బండి పక్కన బండి పట్టదు. ఒకవైపు నీళ్ళు, ఒకవైపు పల్లం.

ముందు నుంచి ఒక ముసలాయన నడుచుకుంటూ వచ్చాడు. "ఇరుసు ఇరిగింది. బెల్లమంత కట్ట కింద పడ్డది. ఏరుకుంటున్నరు" అన్నాడు.

"ఎంతసేపయితది తాతా?" అని అడిగాను.

"అయినంతసేపయితది బిడ్డా" అని, తాపీగా చుట్ట ముట్టించుకున్నాడు.

ఎండెక్కింది. ఎడ్లు తోకలు ఆడిస్తూ నిలబడ్డాయి. చుట్టూ మనుషులు నవ్వుకుంటున్నారు, సద్దిమూటలు విప్పుకుంటున్నారు. కొందరు కట్ట దిగి చెరువులో కాళ్ళు కడుక్కుంటున్నారు. ఎవరికీ తొందర లేదు. నేను మాత్రం బండిలోంచి దిగడం, ముందుకు నడిచి చూడడం, మళ్ళీ వచ్చి ఎక్కడం. పల్లం అవతల, వరి మడులు దాటాక, సడక్ తెల్లగా కనబడుతోంది. దాని మీద ఒక్క బండి లేదు. సైకిల్ మీద ఎవడో అడ్డూ ఆపూ లేకుండా కామారెడ్డి వైపు పోయాడు. వాడిని చూసేసరికి నాకు ఒళ్ళు మండింది.

"నేను నడిచి పోత" అన్నాను.

"కూసో. కదులుతయి."

"ఎప్పుడు కదులుతయి అత్తమ్మా? రైలు పోయినంక కదులుతయా?"

"గంత దూరం ఎట్ల నడుస్తవే?"

నోటికొచ్చింది అనేశాను. "పోయిన భూమి నీది. పోతున్న చెల్లె నాది."

చుట్ట తాగుతున్న ముసలాయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. మా అత్త ముల్లుకర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని ఎడ్ల వీపులకేసి చూస్తూ ఉండిపోయింది. నేను సకినాల మూట తీసుకుని కట్ట దిగాను.

యాసంగి నాట్లు అప్పుడే పడ్డాయి. గెట్ల మీద నడుస్తుంటే కాలు జారి మడిలో పడేది. చీర మోకాళ్ళ దాకా బురదయింది. సడక్ ఎక్కాక కంకర అరికాళ్ళలో గుచ్చుకుంది. అయినా హాయిగా అనిపించింది, ముందర అడ్డం లేదు కనుక. నాకా అప్పటికే దాటి వచ్చేశాను. ఎలాగూ నడిచేవాళ్ళను ఎవరూ అడగరు.

కొంత దూరం పోయాక వెనక నుంచి బొగ్గు బస్సు వచ్చింది. యుద్ధంతో పెట్రోలు కరువై, బస్సు వెనక పెద్ద పొయ్యిలాంటి డబ్బా కట్టి బొగ్గుల పొగతో నడిపేవారు. చెయ్యెత్తితే ఆపారు. నిలబడే చోటు దొరికింది. ఇంక అందినట్టేనని ఊపిరి పీల్చుకున్నాను. మొదటి మిట్ట ఎక్కుతూ ఎక్కుతూనే అది నిలిచిపోయింది. క్లీనరు డబ్బా మూత తీసి కదిలిస్తుంటే కండ్లలోకి పొగ కొట్టింది.

"అందరు దిగుండ్రి. నూకాలె" అన్నాడు డ్రైవరు.

మగవాళ్ళతో పాటు నేనూ భుజం పెట్టాను. బస్సు కదల్లేదు. అప్పుడు ఏడుపొచ్చింది. కట్ట బాట మీద ఆగింది జనం వల్ల. ఇక్కడ ఒక్క మనిషి అడ్డం లేకున్నా ఆగిపోయాను. ఎవరిని తిట్టాలో కూడా తెలియలేదు.

వెనక నుంచి గజ్జెల చప్పుడు వినబడి తిరిగి చూశాను. మా ఎడ్లు పరుగు మీద వస్తున్నాయి. మా అత్త బండిలో నిలబడి తోలుతోంది. కొంగు నడుముకు చుట్టుకుంది, నెత్తి మీద ముసుగు లేదు. బస్సు పక్కన ఆపి, "ఎక్కు" అంది.

ఎక్కాను.

"కట్ట మీదికెళ్ళి బండి ఎట్ల తిప్పినవ్ అత్తమ్మా?"

"ఎడ్లను ఇప్పి, బండిని అందరితోని లేవట్టిచ్చి తిప్పిన. ఎనకున్న రెండు మూడు బండ్లను గూడ గట్లనే తిప్పిచ్చిన."

"మరి నాకా కాడ?"

"ఇయ్యకపోతే కట్టె లేపుతడా?"

అంతే అంది. మళ్ళీ ఎడ్లను అదిలించింది.

కామారెడ్డి స్టేషను చేరేసరికి రైలు వచ్చి నిలబడి ఉంది. నేను బండి ఆగకముందే దూకాను. పెట్టెల నిండా జనం, కొన్నిటిలో సిపాయిలు. కిటికీ కిటికీకీ పరుగెత్తాను. చివరికి, "అక్కా!" అన్న కేక విన్నాను. ఊచల వెనక మా చెల్లెలు, దాని వెనక మూటల మధ్య నిలబడిన మరిది. ఇన్ని దినాలు ఏమేమో అడగాలని లోపల పోగుచేసుకున్నాను. నోట్లోంచి వచ్చింది, "తిన్నవా?" అని.

"తిన్న. నీ చీరకు గా బురదేంది?"

చెప్పే వ్యవధి లేదు. సకినాల మూట ఊచల సందున దూరలేదు. విప్పి గుప్పెడు గుప్పెడుగా లోపలికి ఇస్తున్నాను. సగం విరిగాయి. ఇంకా సగం నా చేతిలో ఉండగానే రైలు కదిలింది. పక్కన నడుస్తూ వచ్చిన మా అత్త, "పైలం బిడ్డా, ఇద్దరు పైలం" అని నాకన్నా గట్టిగా అరిచింది.

రైలు పోయాక పొగ చాలాసేపు నిలిచింది. నాకు తృప్తి కలగలేదు. చూసినట్టూ ఉంది, చూడనట్టూ ఉంది. మేము స్టేషను బయట ఎడ్లకు నీళ్ళు పెట్టి, మిగిలిన సకినాలు తిన్నాం.

"కట్ట మీద గట్ల అనకుంట ఉండాల్సింది అత్తమ్మా" అన్నాను.

"నువ్వన్నది నిజమే గద" అంది ఆమె. అలిగినట్టు లేదు, మెచ్చుకున్నట్టూ లేదు.

తిరుగు దారిలో బండిని మళ్ళీ కట్ట బాటకే మళ్ళించింది. నేను అడ్డు చెప్పలేదు. అంగడి నుంచి మరలిన ఖాళీ బండ్లు మా ముందూ వెనకా గలగలలాడుతూ సాగాయి. ఆమె బతికినన్నాళ్ళూ మళ్ళీ ఆ నాకా దాటలేదు. నేను మాత్రం తర్వాత ఎన్నోసార్లు సడక్ మీదుగానే పోయాను. ఒంటరిగా పోతున్నప్పుడు ఎటైనా తొందరగా చేరాలనిపించేది, చేరాక అక్కడ ఉండబుద్ధయ్యేది కాదు.

చెల్లెలు బొంబాయి చేరినట్టు ఆ ఊరి నుంచి వచ్చినవాళ్ళెవరో చెప్పేదాకా, గడప ముందు ఎవరి అడుగు వినబడినా నేను పని వదిలి లేచి బయటికి వచ్చేదాన్ని.