పిల్లి మీద వేసిన నింద

ఆ మూడంతస్తుల భవనంలో ఆమెను అందరూ గాలివాన అత్తయ్య అనేవారు. బట్టలు కుట్టడం ఆమె పని. పొద్దున్నే ఆకాశం చూసి పదిమందికీ వాతావరణం చెప్పడం ఆమె సరదా. చలి వెనక్కి తగ్గి, ఎండ ఇంకా ముదరని ఆ రోజుల్లో ఆమెకు పట్టపగ్గాలుండవు. “సాయంత్రానికి గాలి లేస్తుంది, దుప్పట్లు ఆరేయకండర్రా!” అని రెండో అంతస్తు బాల్కనీలోంచి కేకేసేది. చాలాసార్లు ఆకు కూడా కదిలేది కాదు. అయినా ఆమె నోటికి జడిసి దుప్పట్లు ఎవరూ ఆరేసేవారు కాదు.

ఆ ఏడు ఆమె బాల్కనీలోని మల్లెతీగలో పిగిలిపిట్టల జంట గూడు కట్టింది. మిషను కింద రాలిన దారపు ముక్కల్ని కూడా ఏరుకుపోయింది ఆడపిట్ట. “నా దారంతోనే ఇల్లు కట్టుకుందమ్మా!” అని ఆమె మురిసిపోయింది. పిల్లలు బయటపడ్డాక, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లనల్లా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి చూపించేది. ఆకులు అడ్డమొస్తున్నాయని ఒకరోజు కుట్టుకత్తెర తెచ్చి, గూటి ముందున్న గుబురంతా కత్తిరించేసింది.

“దానికీ కాస్త చాటు ఉండాలేమోనే,” అన్నాడు భర్త.

“మీకేం తెలుసు, ఊరుకోండి. ఇప్పుడు కుర్చీలో కూర్చునే చూడొచ్చు.”

మర్నాడు పొద్దున ఆమె లేచి వచ్చేసరికి గూడు ఖాళీ. తల్లిపిట్ట నోట పురుగు కరుచుకుని కమ్మీ మీద అటూ ఇటూ గెంతుతోంది. పెట్టడానికి నోళ్లు లేవు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఒక అంతస్తు కింద ఉండే ఆసుపత్రి నర్సు ఒక బూడిదరంగు పిల్లిని పెంచుతోంది. నర్సు అప్పుడే రాత్రి డ్యూటీ దిగి వచ్చి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతోంది. పనులకు వెళ్లేవాళ్లంతా అక్కడే ఉన్నారు.

“మీ పిల్లి పిట్టపిల్లల్ని మింగేసింది! సాకడం చేతకానివాళ్లకు పిల్లులెందుకు?” అని పైనుంచి అరిచింది అత్తయ్య.

“అది ఇంట్లోనే ఉందండీ. తాళం వేసి వెళ్లాను.”

“తాళం నీకు అడ్డం గానీ పిల్లికా?”

అందరూ గొల్లున నవ్వారు. నర్సు చెప్పులు చేతపట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. సాయంత్రం పిల్లిని సంచిలో పెట్టుకుని వెళ్లి, వాళ్లక్క ఇంట్లో వదిలి వచ్చింది.

భోజనాల దగ్గర కూడా అత్తయ్య పిల్లిని తిడుతూనే ఉంది. భర్త కంచంలోంచి తలెత్తలేదు.

“ఇక చాల్లే. అది కాకి పని. పళ్లు తోముకుంటూ చూశాను. నువ్వు కత్తిరించావే, సరిగ్గా అక్కడినుంచే దూరింది. నేను తోలేలోపే అయిపోయింది.”

“మరి అప్పుడే చెప్పరేం?”

“బాధపడతావని తటపటాయించాను. ఈలోగా నువ్వు కేకలు మొదలుపెట్టావు. ఇక నా నోరు పెగల్లేదు.”

ఆమె ముద్ద కంచంలోనే వదిలేసింది. లేచి వెళ్లి మల్లెతీగ ముందు నిలబడింది. తెగిన కాడల మధ్య గూడు వీధిలోకి కూడా కనిపిస్తోంది. ఆమె దాన్ని చూడలేక తలుపు వేసేసింది.

తర్వాత ఆమె బాల్కనీలోకి రావడం మానేసింది. మెట్ల మీద నర్సు అడుగుల చప్పుడు వినిపిస్తే, అది ఆగేదాకా తలుపు వెనకే నిలబడేది. ఎదురింటావిడ వచ్చి, “మంచి పని చేశావు వదినా, పిల్లి పీడ వదిలింది,” అంటే తల ఊపింది. ఆవిడ వెళ్లాక, ఎందుకు ఊపానా అని తనను తానే తిట్టుకుంది. నిజం తెలియక అన్న మాట ఒక ఎత్తు, తెలిసీ ఊపిన తల ఒక ఎత్తు.

చివరికి ఒక మధ్యాహ్నం, మెట్ల మీద ఎవరూ లేనిది చూసుకుని నర్సు తలుపు తట్టింది.

“మీ పిల్లి తప్పేం లేదమ్మా. కాకి ఎత్తుకుపోయింది. ఆకులు కత్తిరించి దారి చూపించింది నేనే. ఏమీ అనుకోకు.”

నర్సు గుమ్మంలోనే నిలబడి వింది. లోపలికి రమ్మనలేదు.

“నన్ను అందరి ముందు అన్నారు కదండీ. ఇది మాత్రం నా ఒక్కదానికే చెబుతున్నారు.”

అత్తయ్య మొహం పాలిపోయింది. పైకి వచ్చేసింది.

మర్నాడు జనం పనులకు బయల్దేరే వేళకు కిందికి దిగి, మెట్ల దగ్గర నిలబడింది. “ఒక్క మాట, ఆగండి,” అంది. కాకి సంగతి, కత్తెర సంగతి, మొగుడు చెప్పాక కూడా నోరు మూసుకున్న సంగతి, అన్నీ చెప్పింది. ఎవరో కిసుక్కున నవ్వారు. “పిట్టల కోసం ఇంత రాద్ధాంతమా!” అన్నారు మరొకరు. ఎదురింటావిడ మొహం తిప్పుకుంది. నర్సు తన గుమ్మంలోంచి విని, మెల్లగా తలుపు వేసుకుంది.

ఆ వారాంతంలో పిల్లి తిరిగొచ్చింది. నర్సు ఎదురుపడితే పలకరిస్తుంది, అడిగినదానికి జవాబిస్తుంది. కుట్టించుకునే బట్టలు మాత్రం వీధి చివర ఉన్న దర్జీకి ఇస్తుంది. ఆ గుడ్డల సంచితో ఆమె మెట్లు దిగుతూ కనిపిస్తే, అత్తయ్య గోడ వైపు ఒదిగి దారి ఇస్తుంది.