నాన్న నాలుక మీది ఇసుక

గుణదల కొండ వాలున, మా వీధి చివర అపార్ట్‌మెంటు కోసం పునాది తవ్వుతున్నారు. మొన్న పొద్దున పాల ప్యాకెట్టుకి బయలుదేరినదాన్ని ఆ గోతి అంచున నిలబడిపోయాను. పైన నల్లమట్టి, దాని కింద సన్న ఇసుక, ఆ కింద నున్నని గులకరాళ్లు ఒకదానికొకటి అతుక్కుని బండలా బిగిసిపోయిన పొర. కొండ రాళ్లకి మూలలుంటాయి, ఇంత నున్నగా కావాలంటే ఏరు దొర్లించుకు రావలసిందే, అంటే ఎన్నడో ఇక్కడిదాకా నీళ్లు పారి ఉంటాయన్నమాట. ఈ చదువు నాకు బడిలో చెప్పింది కాదు, మా నాన్న చెప్పింది.

నాన్న చేతిబోర్ల మేస్త్రి. లారీ మీద మిషను వచ్చి ఒక్క పూటలో తేల్చేసే రోజులు కావవి. నలుగురు మనుషులు గొట్టం పట్టుకుని గానుగెద్దుల్లా తిరిగేవాళ్లు. పొర మారినప్పుడల్లా నాన్న గుప్పెడు మట్టి తీసి గోనెపట్టా మీద వరుసలో పెట్టి, చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకునేవాడు. మా లంక ఊళ్లలో పై ఇసుకలో మంచినీరు, దాని కింద బంకమట్టి, ఆ బంక దాటితే తీపో ఉప్పో ఎవరికీ తెలియదు. తేల్చి చెప్పవలసింది ఆయన నాలుకే.

ఒక ఏడాది దివిసీమలో మా మేనత్త అరటితోటలో బోరు దించుతున్నారు. చదువు మానేసి ఇంట్లో ఉన్న నేను పనివాళ్లకు వండిపెట్టడానికి వెంట వెళ్లాను. అంతకు ముందే విషజ్వరం వచ్చి నాన్నకు నోటి రుచి పోయింది. ఆ సంగతి మా ఇల్లు దాటలేదు, దాటితే పనికి పిలిచేవాళ్లుండరు. పై ఇసుకలో నీరు చాలదని బంక దాటించారు. తొమ్మిదో రోజు కింది ఇసుక వచ్చింది. నాన్న అలవాటుగా నాలుకకు రాసుకుని, మిగిలింది ఎవరూ చూడకుండా నా అరచేతిలో పెట్టాడు.

"ఎట్టా ఉందమ్మా?"

ఉప్పగా ఉంది. లీలగానే, కానీ ఉప్పే. ఆ మాటంటే గొట్టాలన్నీ పైకి లాగి, ఆ బొక్క బంకమట్టితో పూడ్చి, పక్కన మళ్లీ మొదలుపెట్టాలి. జ్వరం నుంచి లేచిన మనిషి, అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. నాకు జాలేసింది. ఇంటికి పోదామన్న తొందర కూడా ఉంది, అదీ దాచను.

"తియ్యగానే ఉంది నాన్నా," అన్నాను.

పై పొర నీరు కూడా కలిసి రావడంతో మొదట్లో ఎవరికీ తేడా తెలియలేదు. మరుసటి వేసవికి ఆకుల అంచులు మాడడం మొదలై, చూస్తుండగానే తోటంతా పోయింది. అత్త వచ్చి మా వాకిట్లో నిలబడి, "తోడబుట్టినోడివని నమ్మాను గదరా," అని ఏడ్చింది. నాన్న తల వంచుకుని, "నా నాలుకదే తప్పక్కా," అన్నాడు. తలుపు వెనక ఉన్న నా వైపు చూడనైనా లేదు. ఆ తర్వాత ఆయన బోరు గొట్టం ముట్టలేదు, అత్త మా గడప తొక్కలేదు.

మంచాన పడ్డాక ఒక్కసారే అడిగాడు, ఆ రోజు నిజంగా తియ్యగానే ఉందా తల్లీ అని. నిజం చెప్పి ఉంటే తన తప్పు లేదని తేలికపడి పోయేవాడు. అయినా ఉంది నాన్నా అనే అన్నాను.

గోతి దగ్గర ఇంజనీరు అబ్బాయి, ఇక్కడే బోరు కూడా వేస్తాం, నీళ్లు పడితే సీసాలో పట్టి ల్యాబుకి పంపుతామండీ, కాగితం మీద రాసిస్తారు అన్నాడు. మంచిదే, కాగితానికి ఎవరి మీదా జాలి ఉండదు. అతను అటు తిరిగాక గోతి గట్టు మీది ఇసుక చిటికెడు నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు లేదు. ఈసారి నిజమే చెబుతున్నాను, అడగడానికి నాన్న లేడు.