ఎండకు ఎదురుగా నిలబెట్టిన కోచ్ అంకుల్

మా కోచ్ అంకుల్ మొన్న మంగళవారం పొద్దున్న పోయారు. యూ టీ స్టేషన్లో రైలెక్కి, తలుపు పక్కన నిలబడి ఫోన్ తీసేసరికి మా పాత జట్టు గ్రూపులో జున్ పెట్టిన సందేశం కనిపించింది. "కోచ్ ఇక లేరు. నిద్రలోనే పోయారట." నా ఆఫీసు వుడ్‌ల్యాండ్స్‌లో. ఆ స్టేషన్లో తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను దిగలేదు. అదే రైల్లో యీషున్ దాకా వెళ్ళిపోయాను. ఆయన ఇల్లు అక్కడ.

మీలో బేస్‌బాల్ చూసినవాళ్ళు తక్కువమందే ఉంటారు. జట్టుకు తొమ్మిదిమంది. కొట్టిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే క్రికెట్లో లాగానే ఔట్. ఈ కథకు అంత తెలిస్తే చాలు. శ్రీకాకుళం పక్క పల్లెనుంచి వెల్డరుగా ఈ దేశంలోని ఓడల యార్డుకు వచ్చిన మనిషికి ఆ ఆట ఎలా అబ్బిందని నేనొకసారి అడిగాను. యార్డులో జపాన్ ఇంజనీర్లు ఆదివారాలు ఆడుకునేవారట. ఒక ఆదివారం వాళ్ళలో ఒకరికి జ్వరం.

"తొమ్మిదోవోడు నేకపోయినాడు. దారంట ఎల్తన్న నన్ను పిలిసినారు. ఊరికే నిలబడితే సాలన్నారు. నిలబడ్డాను," అన్నారు. అలా నిలబడిన మనిషి ఇరవై ఏళ్ళు వాళ్ళతో ఆడి, రిటైరయ్యాక మా విశ్వవిద్యాలయం జట్టుకు ఆట నేర్పడానికి వచ్చారు.

నేను నెల్లూరునుంచి ఈ దేశానికి ఇంజనీరింగ్ చదవడానికి వచ్చిన మొదటి నెలలో ఆయన పరిచయమయ్యారు. మైదానం పక్క మెట్లమీద కూర్చుని, విప్పని బన్ను పొట్లం చేతిలో పెట్టుకుని, అమ్మతో ఫోన్లో "తిన్నాలేమ్మా" అంటున్నాను. ఫోన్ పెట్టేయగానే వెనకనుంచి తెలుగు వినిపించింది.

"తినకుండానే తిన్నానని సెప్పేస్తన్నావేటి?"

తిరిగి చూస్తే టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన. ఏ ఊరని అడిగారు, ఏం చదువుతున్నానని అడిగారు. బళ్ళో బేస్‌బాల్ లాంటిదే, సాఫ్ట్‌బాల్ ఆడానని ఏదో మాటల్లో అన్నాను. ఆయన సంచిలోంచి బంతి తీసి నా చేతిలో పెట్టారు. "ముందు ఆ బన్ను తినీ. తర్వాత ఇది ఇసురు," అన్నారు. మర్నాటినుంచి నేను జట్టులో ఉన్నాను. అందులో అమ్మాయిని నేనొక్కదాన్నే.

ఆయన అలవాట్లు కొన్ని మాకు నవ్వు తెప్పించేవి. హాకర్ సెంటర్లో, అంటే చవక తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాల్లో, ఖాళీ బల్లమీద టిష్యూ పొట్లం పడేసి చోటు పట్టుకోవడం ఇక్కడ అందరూ చేసే పని. దాన్నే చోప్ చేయడం అంటారు. ఆయన ఎన్నడూ చోప్ చేయలేదు. ట్రే పట్టుకుని నిలబడేవారు. "తినీవోడు ఎలాగూ లెగుస్తాడు కదా. మనకేటి తొందర?" అనేవారు. చల్లారిపోయిన నూడుల్స్ ఆయనతో కలిసి నేను ఎన్నిసార్లు తిన్నానో.

నేను మూడో ఏడాదిలో ఉండగా ఆ మ్యాచ్ వచ్చింది. ఊరికి ఆ చివర ఉన్న ఇంకో విశ్వవిద్యాలయం జట్టుకూ మాకూ ఎప్పటినుంచో పోటీ. నాకు తెలిసిన మా సీనియర్లెవరూ వాళ్ళమీద గెలిచి ఎరగరు. ఆ రోజు చివరి ఇన్నింగ్స్ దాకా మేమే ఒక పరుగు ముందున్నాం. మా తరఫున బంతి విసిరేవాడు జున్. మాట తక్కువ, పట్టుదల ఎక్కువ ఉన్న చైనీస్ కుర్రాడు. భుజం నొప్పెడుతున్నా మ్యాచంతా తనే విసిరాడు. ఇంకొక్క ఔట్ చాలు అన్నప్పుడు వాళ్ళు కొట్టిన బంతి ఎత్తుగా లేచి, కుడివైపు చివర ఉన్న నా మీదికే వచ్చింది. పరిగెత్తాల్సిన పని కూడా లేదు. గ్లవ్ పైకెత్తాను. సాయంత్రపు ఎండ సూటిగా కళ్ళలో పడింది. బంతి గ్లవ్ అంచుకు తగిలి గడ్డిలో పడింది. నేను తడుముకుని అందుకుని విసిరేలోపు వాళ్ళు రెండు పరుగులు తీసేశారు. ఓడిపోయాం.

జున్ తన గ్లవ్‌ను నేలకేసి కొట్టాడు. "అది చిన్నపిల్లలు పట్టే బంతి లా," అన్నాడు ఇంగ్లీషులో, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా'తో సహా, అందరూ వింటుండగా. ఎండ కళ్ళలో పడిందంటే సాకు చెప్పినట్టుంటుంది అని నాకనిపించింది.

బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉంది. అంకుల్ వచ్చి కూర్చుని కాయా బన్ను చేతికిచ్చారు. కాయా అంటే ఇక్కడ కొబ్బరిపాలతో చేసే తీపి.

"తిను."

"వద్దంకుల్."

"మరైతే అలాగే పట్టుకో. ఆకలేసినప్పుడు తిందువు."

హాస్టల్ చేరేదాకా దాన్ని పట్టుకునే కూర్చున్నాను. ఆయన మ్యాచ్ గురించి ఒక్క మాట ఎత్తలేదు. నేను దిగేటప్పుడు మాత్రం, "బంతికి నీ మీద కోపం నేదమ్మా," అన్నారు. ఆ మాటకు అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పటికీ ఆఫీసులో ఏ పనైనా చెడిపోతే అదే గుర్తొస్తుంది.

ఆ రాత్రి జట్టునుంచి తప్పుకుంటున్నానని ఆయనకు రాశాను. జున్ కూడా అదే రాశాడని నాకు తర్వాత తెలిసింది. మేం మొత్తం పదిమందిమి. ఇద్దరం పోతే ఎనిమిది. వచ్చే శనివారం సీజన్లో ఆఖరి మ్యాచ్ ఉంది. తొమ్మిదిమంది లేకపోతే ఆడకుండానే ఓడినట్టు. అంకుల్ ఇవేవీ చెప్పలేదు. బతిమాలలేదు కూడా. "సరేనమ్మా. జెర్సీ ఉతికి, బుధవారం సాయంత్రం ఆరింటికి గ్రౌండుకి తెచ్చి నా చేతికియ్యి," అని జవాబిచ్చారు.

బుధవారం నేను వెళ్ళేసరికి జున్ కూడా ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. అంకుల్ నా సంచి విప్పి జెర్సీ మడత తీసి చూశారు.

"ఉతికినావా?"

"ఉతికానంకుల్."

"బాగుంది. అయితే ఏసుకో." జున్‌తోనూ ఇంగ్లీషులో అదే అన్నారు. "ఒక్క గంట ఆడండి. తర్వాత మీ ఇష్టం."

పెద్దాయన మాట కాదనలేక వేసుకున్నాం. ఆయన జున్‌ను కుడివైపు చివరకు, సరిగ్గా నేను నిలబడ్డ చోటికి పంపారు. నన్ను తన పక్కన నిలబెట్టి బంతులు అందించమన్నారు. బ్యాటుతో ఒక్కొక్కటే ఎత్తుగా కొట్టారు. మొదటి బంతి జున్ వెనక రెండడుగుల దూరంలో పడింది. రెండోది వస్తుంటే తలమీద చేతులు పెట్టుకుని వంగిపోయాడు. మూడోది గ్లవ్‌కు తగిలి జారింది. జట్టులో ఎవరూ నవ్వలేదు. నాకు కసి తీరినట్టు ఉండాలి. లేదు. అక్కడ ఎంత ఒంటరిగా ఉంటుందో నాకు తెలుసు.

జున్ కళ్ళు తుడుచుకుంటూ నడిచొచ్చాడు. "అక్కడ ఏమీ కనపడటం లేదు లా. నువ్వు ఎందుకు చెప్పలేదు?"

"సాకు అనుకుంటారని."

గ్లవ్ తీసి చంకలో పెట్టుకున్నాడు. "సారీ," అన్నాడు.

అంకుల్ మా ఇద్దరినీ, తక్కినవాళ్ళనీ వెంటబెట్టుకుని ఎండకు ఎదురుగా నిలబడ్డారు. గ్లవ్ ముందుకు చాపి సూర్యుణ్ణి ఎలా కప్పాలో, దాని పక్కనుంచి బంతిని ఎలా చూడాలో చూపించారు. "ముందు ఎండని కప్పు. బంతి దానంతటదే కనపడతాది," అని నాతో అన్నారు. తర్వాత అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పారు, ఇది తను ముందే నేర్పాల్సిందని, నేర్పలేదని, ఆ తప్పు తనదని. చీకటిపడేదాకా ఆడాం. జెర్సీలు తిరిగివ్వమని ఎవరూ అడగలేదు.

శనివారం నామీదికి వచ్చిన మొదటి బంతిని మళ్ళీ వదిలేశాను. జున్ దూరంనుంచి చెయ్యెత్తి, "నెక్స్ట్ వన్, నెక్స్ట్ వన్," అని అరిచాడు. రెండు ఇన్నింగ్స్ తర్వాత ఇంకోటి వచ్చింది. ఎండని కప్పాను. బంతి కనిపించింది. పట్టుకున్నాను. రెండు పరుగుల తేడాతో గెలిచాం. మేమంతా గంతులేస్తుంటే అంకుల్ బంతులు బయటికి పోకుండా కట్టిన వల మడతపెట్టే పనిలో పడ్డారు. దగ్గరికి వెళితే, "మొదటిది పోయినాక కూడా కాళ్ళు ముందుకే పెట్టినావు. సూసినాను," అన్నారు. నాకు అంతకు మించిన మెచ్చుకోలు ఎవరినుంచీ రాలేదు.

ఆ పోటీ జట్టుమీద నేను చదివిన నాలుగేళ్ళలో మావాళ్ళు ఒకే ఒక్కసారి గెలిచారు. అదీ నేను జ్వరంతో హాస్టల్లో పడుకున్న రోజు. అంకుల్ ఫోన్ చేసి ఇన్నింగ్స్ వరసన మొత్తం చెప్పారు.

ఉద్యోగంలో చేరాక కూడా వీలున్నప్పుడల్లా యీషున్ వెళ్ళి ఆయనతో టిఫిన్ తినేదాన్ని. పోయిన నెల ఆయన, "కొత్త పిల్లలు బాగా ఆడతన్నారు. ఓసారి రా, సూద్దువు," అన్నారు. పని ఉంది, తర్వాత వస్తానన్నాను. నిజానికి ఆ శనివారం నాకు పనేమీ లేదు. మెత్తటి పరుపు, ఏసీ, బద్ధకం. ఇది ఇక్కడ రాయకపోతే మిగిలినదంతా అబద్ధంలా ఉంటుంది.

మంగళవారం సాయంత్రానికి వాళ్ళ అపార్ట్‌మెంటు బ్లాకు కింద, స్తంభాల మధ్య ఖాళీలో, పరామర్శకు వచ్చేవాళ్ళకోసం కుర్చీలు, గుండ్రటి బల్లలు వేశారు. మా పాత జట్టంతా వచ్చింది. ఇంకో పక్క నేనెరగని కుర్రాళ్ళు అయిదారుగురు కూర్చుని ఉన్నారు. చొక్కాలమీద గుర్తు చూసి ఆగిపోయాను. ఆ పోటీ జట్టువాళ్ళు. నేను అడగకముందే అంకుల్ భార్య, ఆంటీ చెప్పారు.

"ఆదివారాలు ఆళ్ళకీ నేర్పీవోరమ్మా. రెండేళ్ళనించీ. మీకు సెప్పొద్దన్నారు. నొచ్చుకుంటారని."

ఒక్క క్షణం నొచ్చుకున్న మాట నిజమే. వాళ్ళలో ఒక పొడుగాటి అబ్బాయి లేచి వచ్చి, తను కుడివైపు చివర ఆడతానని, ఎండని కప్పడం కోచే నేర్పారని అన్నాడు. ఆ తర్వాత బల్లలు దగ్గరికి జరుపుకున్నాం. ఆంటీ మా మధ్య కూర్చున్నారు.

"నేనెప్పుడూ గ్రౌండుకి రానేదు. మోకాళ్ళు, ఈ ఎండ. ఆడేటప్పుడు ఆయన ఎలగ ఉండీవోరే?" అని నన్నడిగారు.

ఆ ప్రశ్నను నేను ఇంగ్లీషులో చెప్పగానే జున్ లేచాడు. అంకుల్ లాగా కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళమీద చేతులానించి, గడ్డం ముందుకు చాపి నిలబడ్డాడు. "కాదు, ఇంకొంచెం వంగాలి," అంటూ ఆ పొడుగాటి అబ్బాయి లేచి పక్కన నిలబడ్డాడు. ఎడమ భుజం కిందికి ఉండాలని ఇంకొకరు లేచారు. నేనూ లేచాను. చూస్తుండగానే రెండు జట్లవాళ్ళం పది పన్నెండుమందిమి ఆ స్తంభాల మధ్య వరసగా వంగి, మోకాళ్ళమీద చేతులతో, బంతి వస్తుందన్నట్టు దూరంగా చూస్తూ నిలబడి ఉన్నాం. ఆంటీ కుర్చీలోంచి లేచి, ఒక్కొక్కరినీ చూసుకుంటూ, మెల్లగా ఈ చివరనుంచి ఆ చివరకు నడిచారు.