అత్త కాలికి పెట్టిన కరెంటు

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో ఎవరికీ చెప్పలేక మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. అదే నా ధైర్యం.

మాది కోరుట్ల. ఇంటికి పెద్దకోడలిని. మా ఆయన, మరిది ఇద్దరూ దుబాయిలో ఉంటారు. ఆరేళ్ల కింద మా అత్తకు పక్షవాతం వచ్చి కుడి పాదం వేలాడిపోయింది. జగిత్యాలలో ఫిజియోథెరపీ చేసే అతను, ఇంట్లోనే పెట్టుకోండని ఒక కరెంటు మిషను ఇప్పించాడు. రెండు వైర్ల చివర ఒంటికి అంటించే బిళ్లలుంటాయి. నల్ల వైరు బిళ్ల మోకాలి కింద బయటి పక్కన, ఎర్రది దానికి దిగువన. నల్లదాని దగ్గరే నరం బాగా మేల్కొంటుందట, తారుమారైతే పాదం సరిగా లేవదట. మిషను వెనక తిప్పే చిన్న గుండీ ముప్పై అయిదు మీదే ఉండాలి. తగ్గిస్తే పాదం లేచి నిలవదు, టకటక కొట్టుకుంటుంది. ఇద్దరు కోడళ్లమూ విన్నాం. కానీ పెట్టే పని చిన్నకోడలు రజితకు అప్పజెప్పారు. డిగ్రీ చదివింది కదా.

మూడో రోజుకే కరెంటు పెట్టగానే పాదం పైకి లేచింది. అత్త వాడకట్టంతా పిలిచి చూపించింది. "మా రజిత చెయ్యి బంగారమే. గిట్ల పెడితే గట్ల లేస్తాంది" అంది. పదమూడేళ్లు బీడీలు చుడుతూ ఆ ఇంటికి వండి పెట్టింది నేను. ఆమె మంచాన పడ్డాక ఒళ్లు తుడిచి బట్టలు మార్చింది నేను. నా చేతిని ఎవరూ చూడలేదు. రెండేళ్ల కింద వచ్చిన పిల్ల రెండు బిళ్లలు అంటిస్తే బంగారమా? కడుపు మండిపోయింది. మాటవరసకు అనడం లేదు, అన్నం సహించలేదు.

ఒకరోజు రజిత స్నానానికి వెళ్లినప్పుడు మిషను వెనక గుచ్చి ఉన్న ఆ వైర్ల పిన్నులు రెండూ పీకి, ఒకదాని చోట ఒకటి గుచ్చాను. గుండీ కిందికి తిప్పాను. రజిత కాలి దగ్గర వైరు రంగులే చూసుకునేది, వెనక చూసేది కాదు. ఎందుకు చేశాను? అత్తకు నొప్పి కలగాలనా? కాదు. ఆ పొగడ్త ఆగాలి, అంతే. అంతేనా? రజిత ఏడిస్తే చూడాలని కూడా ఉందేమో. ఉంది.

పదకొండు రోజులు పాదం కొట్టుకుంది కానీ లేవలేదు. రజిత కరెంటు పెంచేది, చురుక్కుమంటోందని అత్త తిట్టేది. మా ఇళ్లలో మందు పనిచేసినా, చేయకపోయినా హస్తవాసి అంటారు. అందుకే మిషనును ఎవరూ అనుమానించలేదు. రజిత కూడా. పొయ్యి దగ్గరికి వచ్చి నన్ను అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. నా చెయ్యే మంచిది గాదా?"

"ఏమో చెల్లె. ఒక్కొక్కల చెయ్యి గట్లనే ఉంటది. నువ్వు మనసుల పెట్టుకోకు."

మర్నాడు అత్త నన్ను పెట్టమంది. పిన్నులు, గుండీ సరిచేసి పెట్టాను. పాదం లేచింది. అత్త నా చెయ్యి పట్టుకుని కళ్లకద్దుకుంది. అప్పుడు ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

అత్త ఇప్పటికీ కాలు కాస్త ఈడుస్తూనే నడుస్తుంది. ఆ పదకొండు రోజులు వృథా పోకపోతే ఇంకా బాగయ్యేదా? ఎవరినైనా అడగాలంటే ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. అడగలేదు.

రజిత ఆ తర్వాత జబ్బు మనిషిని ముట్టుకోలేదు. సిరిసిల్లలో సొంత తల్లికి జ్వరం వస్తే మందుబిళ్ల కూడా తమ్ముడితో ఇప్పించిందట. పోయిన నెల వేములవాడలో తన బిడ్డకు మొదటి అన్నం ముట్టించాల్సి వచ్చినప్పుడు, చెంచా నాకిచ్చి పక్కకు జరిగింది. కన్నతల్లి. నేను పెట్టాను. అందరి ముందూ పెట్టాను. ఆ క్షణంలో కూడా లోపల ఎక్కడో గర్వపడ్డాను.

వైర్లు మార్చింది నేను. రజిత చేతిలో ఏ దోషమూ లేదు. ఈ రెండు మాటలు ఇంతవరకు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనలేదు. ఇప్పుడు రాశాను. రజితకు చెప్పగలనో లేదో తెలియదు. ఊపిరి మాత్రం కొంచెం ఆడుతోంది.