వాసన చూసే లైబ్రరీ సార్

బోధన్ లైబ్రరీలో మా సార్ తిరిగొచ్చిన ప్రతి పుస్తకాన్నీ ముక్కు దగ్గర పెట్టుకునేవారు. పసుపు వాసన వస్తే రైతు చదివాడని, అత్తరు వాసన వస్తే దర్జీ భాయ్ చదివాడని నవ్వేవారు.

నేను బీడీలు చుడతాను, చేతులకెప్పుడూ పొగాకు వాసనే. మొదటిసారి తెచ్చుకున్న లావు పుస్తకాన్ని చూసి భయమేసి, తెరవకుండానే తిరిగిచ్చాను. సార్ వాసన చూశారు.

"తంబాకు వాసనే లేదు. నువ్వు సదువలేదు బిడ్డా, మళ్ల తీస్కపో."

సిగ్గుతో తీసుకెళ్లాను. ఈసారి బీడీల చాట పక్కనే పెట్టుకుని, ఆకు ఆకుకీ ఒక వాక్యం చొప్పున ఆఖరి పేజీ దాకా చదివాను. నెల తర్వాత సార్ ఆ పుస్తకం తెరిచి ముక్కు ఆనించారు. ‘నిశ్శబ్దం పాటించండి’ అన్న బోర్డు కిందే మూడుసార్లు తుమ్మారు.

"గిప్పుడు సదివినవ్ బిడ్డా!" అని లైబ్రరీ అదిరేలా అరిచారు.