గోదావరిలో ముందు మునిగినవాడు

మొన్న పొద్దున చాయ్ తాగుతూ టీవీ పెడితే, దేశంలోని పెద్ద కోర్టుకు కొత్త ప్రధాన న్యాయమూర్తి వచ్చినట్టు చూపిస్తున్నారు. దిగిపోయే ఆయన, ఎక్కే ఆయన పక్కపక్కన నిలబడి నవ్వుతున్నారు. మా ఆయన పేపరు మడిచి, "ఇందుల వార్త ఏమున్నది? ముందు చేరినాయన ముందు ఎక్కుతడు. ఎవల తర్వాత ఎవలో అందరికీ ఎర్కనే" అన్నాడు. నేను మాత్రం కళ్లజోడు సర్దుకుని ఆ ఇద్దరి నవ్వులను పరీక్షగా చూశాను. వరుస ప్రకారమే జరిగిందని ఎవరైనా అంటే చాలు, ఆ వరుస రాసింది ఎవరు, రాసేటప్పుడు పక్కన ఎవరు నిలబడ్డారు అని అడగబుద్ధవుతుంది నాకు. చిన్నప్పటి నుంచి ఆదివారం తప్పని విశ్వాసిని. దేవుణ్ణి ఒక్క ప్రశ్న అడగను. మనుషులు రాసిన పుస్తకాల దగ్గరికి వచ్చేసరికి మాత్రం నా విశ్వాసం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఈ గుణం నాకు మా బాపు నుంచి వచ్చింది.

బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. గోదావరికి దగ్గర్లో కంపెనీ క్వార్టర్లలో మా ఇల్లు. బాయిలోకి దిగే ముందు లాంప్ రూములో ఇచ్చిన దీపాన్ని మూడుసార్లు వెలిగించి ఆర్పి చూసేవాడు. మస్టరు పడ్డాక కూడా క్లర్కు భుజం మీంచి వంగి, తన పేరుకు ఎదురుగా గీత పడిందో లేదో చూసుకునే కదిలేవాడు. పాలామె చెంబులో వేలు ముంచి, ఆ చుక్కను గోడ మీద వేసి, అది ఎంత తొందరగా జారుతుందో నిలబడి చూసేవాడు. "గా పాలామె నిన్ను జూస్తెనే గల్లీ మారుతున్నది" అని అవ్వ, అంటే మా అమ్మ, నెత్తి కొట్టుకునేది. "నేను నమ్మేది ఒక్క దేవున్నే. ఆయనొక్కడే నీళ్లను ముట్టుకుంటె ద్రాక్షారసం జేస్తడు. మిగిలినోళ్లంత పాలను ముట్టుకుంటె నీళ్లు జేస్తరు" అనేవాడు బాపు. ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. బాయి లోపల నెత్తి మీది బండను కర్రతో తట్టి, ఆ మోత విని, అప్పుడు గానీ దాని కింద కూర్చోరు. రోజుకు ఎనిమిది గంటలు కప్పును అనుమానిస్తూ బతికిన మనిషి ఇంటికొచ్చి పాలను నమ్మమంటే ఎట్లా నమ్ముతాడు?

మా క్రైస్తవ సంఘాన్ని మొదలుపెట్టిన పాస్టరు అయ్యగారు కోస్తా నుంచి వచ్చినవాడు. అక్కడ ఆయన సంఘం, పెద్దను ఎన్నుకునే ఓట్ల దగ్గర కొట్లాడుకుని రెండుగా చీలిపోయిందట. అందుకని ఇక్కడ ఓట్లు వద్దని కట్టడి చేశాడు. మగవాళ్లలో ఎవరు ముందు బాప్తిస్మం తీసుకుంటే వాళ్లు ముందు సంఘపెద్ద. బాయిలో రిటైరైన రోజు కుర్చీ దిగాలి, వరుసలో తర్వాతి మనిషి ఎక్కాలి. "దేశంలో పెద్ద కోర్టే ఇట్లా నడుస్తుంటే మనకేం తక్కువండీ? అక్కడా చేరిన వరుసే, వయసు రాగానే దిగిపోవడమే" అని ఆయన వాదన. ఆడవాళ్ల పేర్లు కూడా ఆ పుస్తకంలో ఉండేవి కానీ, కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఆ పేర్లు ఎవరికీ కనబడేవి కావు. దాని సంగతి మరోసారి కాదు, ఇప్పుడే ఒక్క మాటలో చెప్తున్నాను: నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

పెద్ద కోర్టులో ఇంకో పద్ధతి ఉంది. ఇద్దరు ఒకే రోజు ప్రమాణం చేస్తే, ముందు చేసినాయనే పెద్ద. నడుమ కొద్ది నిమిషాలే తేడా ఉండొచ్చు. కానీ ముందాయన దిగేలోపు వెనకాయనకు వయసు దాటిపోతే, ఆ కొద్ది నిమిషాలకే ఆయనకు కుర్చీ జన్మలో అందదు. మా ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే.

నాకు పదేళ్లప్పుడు, చలికాలం పొద్దున, గోదావరిలో మా సంఘం మొదటి బాప్తిస్మాలు. మొత్తం పదకొండు మంది. మగవాళ్లు నలుగురే. వాళ్లలో మా బాపు, మా అవ్వకు అన్న అయిన మా మామ ఉన్నారు. ఇద్దరూ ఒకే బాయిలో పని. గట్టు మీద నిప్పు రాజేశారు. అందరూ బట్టలు సర్దుకుంటుంటే, అయ్యగారు నా చేతిలో ఒక కాగితం, పెన్సిలు పెట్టి, "నీ దస్తూరీ బాగుంటుంది, పేర్లన్నీ రాసిపెట్టమ్మా" అని నీళ్లలోకి దిగిపోయాడు. వరుస గురించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. అందరికంటే ముందు మునిగింది బాపు. అది గట్టు మీద ఉన్నవాళ్లంతా చూశారు. కానీ మునిగి లేచాక ఆయన బయటికి రాలేదు. అవ్వ కాలు కింద రాయి జారితే ఆమె చెయ్యి పట్టుకుని నడుం లోతులో ఆగిపోయాడు. ఆమె తర్వాత ఇంకొకామెది, ఆ తర్వాత ఒక ముసలామెది, అట్లా ఒక్కొక్కరి చెయ్యి అందుకుని గట్టుకు దాటిస్తూ నిలబడ్డాడు. నేను నిప్పు దగ్గర కూర్చుని, వణుకుతూ వచ్చి తువ్వాలు అందుకున్నవాళ్ల పేరు అందుకున్నట్టే రాశాను. మామ పేరు మొదట వచ్చింది. బాపు పేరు పదకొండోది. ఆ కాగితాన్ని చూసి అయ్యగారు సాయంత్రం పుస్తకంలోకి తన చేత్తో ఎక్కించాడు. కాగితం ఏమైందో తెలియదు.

పాతికేళ్ల దాకా ఆ వరుసతో ఎవరికీ పని పడలేదు. వేరే ఊళ్లో ముందే బాప్తిస్మం పొందిన ఒక పెద్దాయన కుర్చీలో ఉన్నాడు. ఆయన రిటైరయ్యేనాటికి మొదటి అయ్యగారు పరలోకానికి వెళ్లిపోయాడు. నలుగురిలో ఇద్దరు బదిలీ మీద పోయారు. ఇక మిగిలింది బాపు, మామ. బాపుకు రెండేళ్ల సర్వీసు ఉంది, మామకు మూడేళ్లు. బాపు ముందు కూర్చుంటే రెండేళ్లు ఆయన, తర్వాత ఏడాది మామ. మామ ముందు కూర్చుంటే మూడేళ్లూ మామే. బాపు కుర్చీ ఎక్కకుండానే రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి ఊరికి పోవాలి.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త అయ్యగారు పుస్తకం తెరిచి మామ పేరు చదివాడు. బాపు లేచి నిలబడ్డాడు. కేకలు వేయలేదు, లాంప్ రూములో దీపం చూసినట్టు మామను చూశాడు.

"బాప్తిస్మం నాడు అయ్యగారు ఎవలింట్ల బువ్వ తిన్నడు?"

"మా ఇంట్లనే తిన్నడు బావా" అన్నాడు మామ.

"ఏం కూర?"

మామ నేల చూస్తూ, "కోడికూర" అన్నాడు.

బాపు సంఘమంతటినీ ఒకసారి కలియచూశాడు, కేసు అక్కడితో అయిపోయినట్టు. ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మామ మాత్రం నవ్వలేదు. "బావనే ముందు మునిగిండు, నేను కాదంటలేను. కని పుస్తకంల ఎట్లుంటె అట్ల పోదాం. పాతయి తవ్వుడు వద్దు" అన్నాడు. తవ్వడం ఎందుకు వద్దన్నాడో ఆ పూట నాకూ అర్థం కాలేదు. నేను ఆడవాళ్ల వరుసలో కూర్చుని ఉన్నాను. బడిలో టీచర్ని, ఆదివారం పిల్లలకు అబద్ధం పాపమని చెప్పేదాన్ని. లేచి ఒక్క మాట అంటే సరిపోయేది. లేవలేదు. బాపు చూపు మామ మీద పడ్డట్టే నా మీదా పడుతుందేమోనని భయం వేసింది.

అప్పటి నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం, ప్రభువు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు బల్ల దగ్గర, సంఘపెద్దగా మామ ద్రాక్షారసం గిన్నె పట్టుకుని వరుసల వెంట వచ్చేవాడు. తన దగ్గరికి రాగానే బాపు చేతులు వెనక్కి కట్టుకునేవాడు. సహోదరుడి మీద కోపం పెట్టుకుని ఆ గిన్నె ముట్టకూడదని ఆయనకు తెలుసు. ముట్టడం మానాడే తప్ప కోపం మానలేదు. రెండేళ్లు అట్లాగే గడిచాయి. ఆ రెండేళ్లూ ఆయన దిగిన ప్రతి షిఫ్టుకూ, మళ్లీ పైకొచ్చేదాకా గడియారం చూసుకునేదాన్ని. కప్పు ఏ రోజు కూలుతుందో ఎవరికి తెలుసు? బల్లకు దూరమైన మనిషి ఆ కప్పు కింద కూర్చుని ఉన్నాడు, నేను రాసిన కాగితం వల్ల. అవ్వ బాధ వేరు. మామ క్వార్టరు మూడు గల్లీల అవతలే. "నీ కుర్సీ పాడుగాను, మా అన్న ఇంటికి తొవ్వ మూసినవు గద" అనేది. "తొవ్వ నేను మూయలే. కోడికూర మూసింది" అనేవాడు బాపు.

పెద్ద కోర్టు వార్తలు ఆయన శ్రద్ధగా చదవడం అప్పుడే మొదలైంది. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరికి ఎప్పుడు అరవై అయిదు నిండుతాయి అని గోడ క్యాలెండరు వెనక రాసుకునేవాడు. "చూడు బిడ్డా, గీ ఇద్దరు ఒక్కనాడే ప్రమాణం జేసిన్రట. ముందుగాల ఎవల్ని పిలిచిన్రో, ఎందుకు పిలిచిన్రో గది రాయడు పేపరోడు" అనేవాడు. దిగిపోయే న్యాయమూర్తి ఆఖరి రోజున, తన తర్వాత వచ్చే ఆయనను బెంచి మీద పక్కన కూర్చోబెట్టుకుంటాడని ఒకసారి చదివి, క్యాలెండరు వెనక ఏమీ రాసుకోకుండానే పేపరు మడిచి పక్కన పెట్టాడు.

బాపు రిటైర్మెంటుకు ముందు ఒక్క బల్ల ఆదివారం మిగిలింది. దానికి వారం ముందు మామ ఆరాధనలో లేచి, ఆ రోజు తాను కుర్చీ దిగుతానని, బావ కూర్చుని గిన్నె పంచాలని చెప్పాడు. సంఘమంతా స్తోత్రం అంది. బాపు అనలేదు. "తప్పు జెయ్యనోడు కుర్సీ ఎందుకు దిగుతడు? ఇప్పుడు బయటవడ్డది దొంగతనం" అని చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను మామ ఇంటికి పోయాను. గుమ్మంలోనే, "మామా, గా కాయితం రాసింది నేను" అన్నాను.

"నాకెర్కే బిడ్డా" అన్నాడు మామ, కుర్చీ నా వైపు జరుపుతూ. "నిప్పు కాడ నీ పక్కనే ఉన్న గద. నీ పెన్సిలు మొన ఇరిగితె రాయికి నూరిచ్చింది ఎవలనుకున్నవు?"

"మరి ఎందుకు చెప్పలే?"

"మీ బాపు నన్ను అనుమానిస్తె నా ఇంటికి రాడు, గంతే. నిన్ను అనుమానిస్తె నీ చేతి నీళ్లు గూడ తాగకపోతుండె. తవ్వుడు వద్దన్నది గందుకే." కొంచెం సిగ్గుగా నవ్వాడు. "కుర్సీ మీద ఆశ లేదని గూడ అనను. కూసున్నంక మంచిగనే ఉండె."

నేను తిరిగొచ్చేసరికి బాపు పెరట్లో ట్రంకుపెట్టెకు తాడు కడుతున్నాడు. ధర్మపురి దగ్గర మా ఊరికి సామాను వెళ్లాలి. ముడి వేసి, గుంజి చూసి, నమ్మకం కుదరక మళ్లీ విప్పుతున్నాడు. నిలబడే అంతా చెప్పేశాను. ఆయన చేతులు తాడు మీదే ఆగిపోయాయి.

"పెన్సిలా, పెన్నా?"

"పెన్సిలు."

"ఎవలన్న చెప్పి రాయించిన్రా?"

"లే బాపూ. వచ్చినోళ్లను వచ్చినట్టు రాసిన. నువ్వే ఆఖర్కు వచ్చినవు."

ఆయన వంటింటి వైపు చూశాడు. లోపల అవ్వ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. "మీ అవ్వ కాలు జారె. ఏరు గుంజుతుండె. చెయ్యి ఇడిస్తె కొట్టుకపోతుండె" అన్నాడు, నాకు కాదన్నట్టు. తర్వాత నా వైపు తిరిగాడు. నేను భయపడిన చూపు ఆయన కళ్లలో లేదు. "నేనెందుకు ఆల్సెమైన్నో గూడ రాయాలె గద బిడ్డా" అన్నాడు. అంతే. మళ్లీ వంగి తాడు ముడి వేశాడు. ఈసారి గుంజి చూడలేదు.

ఆదివారం కుర్చీలో బాపు కూర్చోలేదు. మామే కూర్చున్నాడు, మామే గిన్నె తెచ్చాడు. వరుసలో బాపు ముందు ఆగాడు. బాపు రెండు చేతులూ చాచి గిన్నె అందుకుని, అలవాటు కొద్దీ ఒకసారి లోపలికి తొంగి చూసి, అప్పుడు తాగాడు. ఆరాధన అయ్యాక మెట్ల మీద, "బామ్మర్దీ, నా కాడికొచ్చేసరికి గిన్నె తక్కువైనట్టు అనిపిచ్చింది" అన్నాడు. "నీ కోసమని కొసరు ఆపుకొచ్చిన బావా, నువ్వు జూడలే" అన్నాడు మామ. ఆ సాయంత్రం అవ్వ రెండేళ్ల తర్వాత అన్న ఇంటి గుమ్మం తొక్కింది. బాపు కూడా వెళ్లాడు. అక్కడ కోడికూర వండారు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. బాపు ముందు వెళ్లాడు, ఏడాది తిరగకుండా మామ వెళ్లాడు. ఆ పుస్తకం ఇంకా మందిరం బీరువాలోనే ఉంది. ఒకసారి అడిగి తీసి చూశాను. మొదట మామ పేరు, పదకొండోది బాపు పేరు. దిద్దాలనిపించింది కానీ దిద్దలేదు. దిద్దితే, రేపు వచ్చేవాళ్లు దిద్దింది ఎవరని, ఆ పూట ఎవరింట్లో తిన్నదని అడుగుతారు. మొన్న టీవీలో ఆ ఇద్దరు న్యాయమూర్తులూ ఇంకా నవ్వుతుండగానే మా ఆయన చానలు మార్చేశాడు. కాలం కూడా నాలాంటిదే అనుకుంటాను: గట్టు మీద కూర్చుని, బయటికి వచ్చినవాళ్లను వచ్చిన వరుసలో రాసుకుంటూ పోతుంది, నీళ్లలో ఎవరి చెయ్యి పట్టుకుని ఎవరు ఆగిపోయారో రాసుకోకుండానే.