గీతకు ఇవతల పడవ

అనకాపల్లి కోర్టులో నల్లకోటు వేసుకుని పదిహేనేళ్లయింది. చెరకు రైతు కూతురిని. సముద్రాన్ని గట్టు మీంచి చూసి మురవడమే గానీ పడవెక్కి ఎరగను. నన్ను పడవెక్కించింది చేపలమ్ముకునే ఒక అక్క.

ఆవిడ భర్త అచ్యుతాపురం అవతలి తీరంలో పడవ మీద వేటకెళ్లి, ప్రభుత్వ బలగాల కాల్పుల ప్రాక్టీసులో తూటా తగిలి పోయాడు. నిషేధ ప్రాంతంలోకి వెళ్లాడు, తప్పు అతనిదే అని రెండు ముక్కల్లో తేల్చేశారు. నాకు ఒళ్లు మండింది. ప్రభుత్వం చేతిలో మనిషి ప్రాణం పోతే, ఎలా పోయిందో విచారించి చెప్పాల్సింది ప్రభుత్వమే. చచ్చినవాడు లేచొచ్చి సంజాయిషీ ఇస్తాడా? మానవ హక్కుల కమిషన్‌కు రాశాను. విచారణ జరపమని ఉత్తర్వు వచ్చింది. ఇక తేలాల్సింది ఒక్కటే: పడవ నిషేధ ప్రాంతపు గీతకు లోపల ఉందా, బయట ఉందా?

ఆ రోజు పడవలో ఉన్న రెండో మనిషి అక్క మరిది. ఎక్కడున్నారని విచారణాధికారి అడిగితే, కంపెనీ పొగగొట్టం కొండ నడుముకు వచ్చి, గుడి శిఖరం తాటితోపు చివర కనబడే చోట అన్నాడు. సముద్రంలో చోటును వాళ్లు ఇలా గట్టు మీది గుర్తులతోనే పోల్చుకుంటారు. మొదటి రోజు ఆసుపత్రిలో ఇచ్చిన వాంగ్మూలంలోనూ ఇదే ఉంది. చదివినవాళ్లెవరూ పట్టించుకోలేదు, అంతే. అధికారి నవ్వి, జీపీఎస్ యంత్రం తెప్పించి, సరే చూపించమన్నాడు.

తీరా బయల్దేరబోతే అక్క పడవెక్కి కూర్చుంది. వాళ్లలో ఆడవాళ్లు వేట పడవ ఎక్కరు. మరిది గొణిగాడు. ఇది వేట కాదు, విచారణ అని ఆవిడ కొంగు బిగించింది.

నాలుగు అలలు తగిలేసరికి అధికారి హోదా, నా లా పట్టా రెండూ పడవ అంచు మీదికి వంగిపోయాయి. అక్క ఇద్దరికీ చెరో నిమ్మకాయ చేతిలో పెట్టి, పొద్దున్నే అన్నేసి ఇడ్లీలు కుక్కుకుని రమ్మన్నదెవరని నన్ను కసిరింది.

మరిది ఒకచోట ఇంజను ఆపాడు. యంత్రం చూస్తే గీతకు బాగా బయట! అధికారికి అనుమానం. చుట్టూ తిప్పి, ఇంకో దిక్కు నుంచి మళ్లీ రమ్మన్నాడు. ఇంటి ముందు స్కూటర్ ఆపినంత తేలిగ్గా మరిది అక్కడికే తెచ్చి ఆపాడు. మూడోసారి తిప్పబోతుంటే అధికారే దణ్ణం పెట్టి, నమ్మాను బాబూ, గట్టుకు పోనీ అన్నాడు. ఆ అవస్థలోనూ నాకు నవ్వాగలేదు.

నెల తర్వాత నివేదిక వచ్చింది. మృతుడు నిషేధ ప్రాంతానికి బయటే ఉన్నాడని, కాల్చే ముందు సముద్రంలో మనుషులు లేరని చూసుకోవాల్సిన బాధ్యత ప్రభుత్వానిదేనని, అది నెరవేరలేదని రాశారు. నేను ఎగిరి గంతేసి జిలేబీ తెప్పించాను. చేపల తట్టతో వచ్చి కూర్చున్న అక్క ముట్టుకోలేదు. మళ్లీ చదవమంది. చదివాను.

"వద్దన్నా ఆశకి పోయి గీత దాటేవని, ఏడాదై రోజూ ఫొటో ముందు నిలబడి తిడతన్నాను పాపా," అంది. "ఆయన తప్పేటీ లేదంట."

మా ఆయన దాటలేదని నాతో, అధికారితో, ఊరందరితో గొంతు చించుకున్న మనిషి. ఆ మాట తనే నమ్మలేదని నాకప్పుడు తెలిసింది. ఆవిడ తట్ట నెత్తికెత్తుకుంది. చేపలు సగం కూడా అమ్ముడుపోలేదు కదా, అప్పుడే ఎక్కడికి అని అడిగాను. ముందు ఇంటికెళ్లి ఆయనతో చెప్పాలంది.